ఒక్కరు కూడా తగ్గకూడదు

చైనీస్ నేర్చుకుంటున్న రెండో ఏడు మాకొక వ్యాకరణ పాఠం ఉండేది. ‘ఒక్కటి కూడా లేదు’, ‘ఒక్కరు కూడా రాలేదు’ అని నొక్కి చెప్పాలంటే వాక్యం ఎలా కట్టాలన్నది ఆ పాఠం. ఢిల్లీ జేఎన్‌యూలో మా మేడం బోర్డు మీద నాలుగైదు ఉదాహరణలు రాసి, కింద విడిగా ఆరు అక్షరాలు రాశారు. ‘ఈ గ దౌ బు నెంగ్ షావ్’. ఇది ఒక సినిమా పేరు, శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో చూద్దాం, అందరూ రండి అన్నారు.

ఇంగ్లీషులో ఆ సినిమా పేరు ‘నాట్ వన్ లెస్’. నాకు ఇంగ్లీషు పేరు పెద్దగా అంటలేదు. నోట్‌బుక్ అంచున తెలుగులో రాసుకున్నాను: ఒక్కరు కూడా తగ్గకూడదు. రాసుకుని చూస్తే ఆశ్చర్యం వేసింది. ‘ఈ గ’ అంటే ఒక్కరు, ‘దౌ’ అంటే కూడా, ‘బు నెంగ్’ అంటే కూడదు, ‘షావ్’ అంటే తగ్గడం. చివరి రెండు మాటలు అటూ ఇటూ మారాయి గానీ, మిగతాదంతా మనం ఎలా అంటామో అలాగే ఉంది. ఇంటి నుంచి అంత దూరం వచ్చి, అక్షరం అక్షరం బట్టీ పడుతున్న భాష ఆ ఒక్క వాక్యంలో మా ఊరి భాషలా వినిపించింది.

మాది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు అంటేనే చాలామందికి తెలుస్తుంది. జేఎన్‌యూ ప్రవేశ పరీక్షలో వెనుకబడిన జిల్లాలవాళ్ళకు కొన్ని మార్కులు కలిపేవాళ్ళు. అలా నాకు సీటొచ్చింది. చైనీస్ ఎందుకు తీసుకున్నావని ఊళ్ళో అందరూ అడిగేవాళ్ళు. వచ్చింది కాబట్టి తీసుకున్నాను, అంతకుమించి కారణం లేదు. కానీ ఆ శుక్రవారం తర్వాత కారణం దొరికినట్టయింది.

సినిమా తీసింది జాంగ్ యీమౌ. 1999లో వచ్చింది. మేడం లైట్లు ఆర్పేముందు ఆయన గురించి కొంచెం చెప్పారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో చదువు మానిపించి పొలం పనికి పంపిన తరం మనిషి. పల్లెలో పని చేశాడు, తర్వాత ఏళ్ళ తరబడి బట్టల మిల్లులో కార్మికుడు. 1978లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీలో చేరేనాటికి వయసు దాటిపోయింది. చదువు చేజారిపోవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదని ఆవిడ అన్నది నాకు బాగా గుర్తు.

కథ చాలా చిన్నది. హెబెయ్ రాష్ట్రంలో షుయ్‌చ్యువాన్ అనే ఊరు. కొండల మధ్య ఒక బడి. గావ్ మాస్టారు తల్లికి జబ్బు చేసిందని నెల రోజులు సెలవు మీద వెళ్ళాలి. ఆయన బదులుగా వేరే ఊరి నుంచి ఒక పిల్లను పట్టుకొస్తాడు ఊరి పెద్ద. ఆ పిల్లకు పదమూడేళ్ళు. పేరు వెయ్ మిన్‌జీ. ఏం వచ్చు అని అడిగితే ఒక పాట పాడుతుంది. అది కూడా మధ్యలో మర్చిపోతుంది. నెలకు 50 యువాన్లు ఇస్తామంటారు. బళ్ళో అప్పటికే చాలామంది మానేశారు, మిగిలింది 28 మంది. తాను తిరిగొచ్చేసరికి ఆ 28 మందీ ఉంటే ఇంకో పది యువాన్లు ఇస్తానంటాడు మాస్టారు. వెళ్ళేముందు సుద్దముక్కలు లెక్కపెట్టి ఆ పిల్ల చేతిలో పెడతాడు. 26. రోజుకు ఒకటి. అక్షరాలు మరీ పెద్దగా రాస్తే సుద్ద అరిగిపోతుంది, మరీ చిన్నగా రాస్తే పిల్లల కళ్ళు పాడవుతాయి, చూసి రాయమంటాడు.

నేను అక్కడే ఆగిపోయాను. ఆ తర్వాత కాసేపు తెర మీద ఏం జరిగిందో నాకు తెలియదు. సుద్దముక్కలు లెక్కపెట్టే చేతిని నేను అంతకుముందే మా ఇంట్లో చూశాను.

మా అక్క విద్యా వాలంటీర్. ఇంటర్ అయ్యాక మా ఊరి పక్కన తండా స్కూల్లో వేశారు. పొద్దున్నే టిఫిన్ డబ్బా, ఒక గుడ్డ సంచి తీసుకుని నడిచి వెళ్ళేది. ఆ సంచిలో అగ్గిపెట్టె ఉండేది. మొదట్లో అగ్గిపెట్టె ఎందుకా అనుకునేవాణ్ణి. తెరిచి చూస్తే సుద్దముక్కలు. చిటికెన వేలి గోరంత అయిపోయిన ముక్కల్ని కూడా అందులో దాచేది. వేళ్ళ మధ్య పట్టు దొరకనంత చిన్నవైతే చూపుడు వేలి కొనతో బోర్డుకు అదిమి రాసేదట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ వేలి చివర తెల్లగా, గరుకుగా ఉండేది. అన్నం కలుపుకునే ముందు ఎంత కడిగినా గోరు సందులో తెలుపు పోయేది కాదు.

సినిమాలో కూడా సుద్ద కోసం ఒక పెద్ద గొడవే జరుగుతుంది. జాంగ్ హుయ్‌కె అని క్లాసులో అల్లరి పిల్లాడు. వాడి గోలలో సుద్దముక్కలు కింద పడి కాళ్ళ కింద నలిగిపోతాయి. క్లాసులో బాధ్యత గల ఒక అమ్మాయి ఆ రాత్రి తన డైరీలో రాసుకుంటుంది, గావ్ మాస్టారు సుద్దను ఎంత భద్రంగా వాడేవాడో. ఆ డైరీ తర్వాత క్లాసులో అందరి ముందు చదువుతారు. వెయ్ మిన్‌జీ తల వంచుకుని వింటుంది. అప్పటిదాకా ఆ పిల్ల చేసిన పంతులు పని ఏమిటంటే, పాఠం బోర్డు మీద ఎక్కించి, రాసుకోండి అని చెప్పి, ఒక్కరు కూడా జారిపోకుండా వాకిలి దగ్గర కాపలా కూర్చోవడం. అంతే. డైరీ విన్న తర్వాతే ఆ ముఖంలో మొదటిసారి ఒక మార్పు కనిపిస్తుంది.

ఆ ముఖం గురించి చెప్పాలి. అందులో ఎవరూ నటులు కారు. వెయ్ మిన్‌జీ అసలు పేరు కూడా వెయ్ మిన్‌జీయే. జాంగ్ హుయ్‌కె అసలు పేరు జాంగ్ హుయ్‌కెనే. ఊరి పెద్దగా వేసినతను నిజంగానే ఒక ఊరి పెద్ద. పట్నం వీధుల్లో కొన్ని దృశ్యాలు కెమెరా కనబడకుండా దాచి తీశారు. బుగ్గలు చలిగాలికి ఎర్రగా కంది, జుట్టు రేగి, మూతి బిగబట్టి ఉండే పిల్ల. మనల్ని ఏడిపించాలనిగానీ నవ్వించాలనిగానీ ఆ ముఖానికి లేదు. ఏదైనా అడిగితే నేల చూస్తుంది. కానీ అనుకున్నది వదలదు. నేనెన్నో సినిమాల్లో పేద పిల్లల్ని చూశాను. శుభ్రంగా దువ్విన జుట్టుకు కాస్త మసి పూసి నిలబెట్టినట్టుంటారు. ఈ పిల్లను చూశాక మళ్ళీ అలాంటివి చూడబుద్ధి కాలేదు.

జాంగ్ హుయ్‌కె ఒకరోజు బడికి రాడు. ఇంట్లో అప్పులు, తల్లికి జబ్బు. పట్నానికి పనికి పంపించేశారు. వాడికి పదేళ్ళుంటాయేమో. ఇక ఆ పిల్ల పంతం మొదలవుతుంది. వెళ్ళి వాణ్ణి వెనక్కి తేవాలి. బస్సుకు డబ్బుల్లేవు. ఎంత కావాలో క్లాసంతా కలిసి లెక్క వేస్తారు. ఒక ఇటుక మోస్తే ఒకటిన్నర ఫెన్, యువాన్‌కు వంద ఫెన్‌లు, మరి బస్ చార్జీకి ఎన్ని ఇటుకలు? పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బోర్డు దగ్గరికి వచ్చి గుణకారం, భాగహారం చేస్తారు. ఊరి పెద్ద కిటికీలోంచి తొంగి చూసి, పర్లేదే, ఈ పిల్ల లెక్కలు బాగానే చెబుతోంది అనుకుంటాడు. మా మేడం అక్కడ సినిమా ఆపి ఆ అంకెలన్నీ మాచేత చైనీస్‌లో చెప్పించారు. ఇరవై మందిమి, ల్యాబ్‌లో, ఇటుకల లెక్క గట్టిగా అరిచి చెప్పాం. ఆ వాక్యాలు నాకిప్పటికీ నోటికొస్తాయి.

పిల్లలంతా బట్టీ దగ్గరికెళ్ళి ఇటుకలు మోస్తారు. మోసేటప్పుడు కొన్ని పగలగొడతారు కూడా. యజమాని ముందు కసిరి, తర్వాత మనసు కరిగి 15 యువాన్లు ఇస్తాడు. చేతిలో అన్ని డబ్బులు ఎప్పుడూ చూడని పిల్లలు. కొట్టుకు వెళ్ళి రెండు కోకాకోలా డబ్బాలు కొంటారు. రెండు డబ్బాలు, క్లాసంతా. ఒక్కొక్కరు ఒక్క గుక్క తాగి పక్కవాడికి అందిస్తారు. అది చేదుగా ఉందా తియ్యగా ఉందా అని ఆలోచిస్తున్నట్టు వాళ్ళ ముఖాలు. తీరా బస్టాండుకు వెళ్తే టికెట్ ఇరవై యువాన్ల పైమాటే. వేసిన లెక్కంతా వృథా. బస్సులో దొంగగా ఎక్కితే దింపేస్తారు. ఇక నడక.

పట్నంలో జరిగేది నేను పూర్తిగా చెప్పను, చూడాల్సిందే. ఒక్కటి మాత్రం చెప్తాను. రైల్వేస్టేషన్‌లో తప్పిపోయిన పిల్లాడి కోసం ప్రకటనలు రాయాలని, మిగిలిన డబ్బులతో కాగితం, కుంచె, సిరా కొంటుంది. సిరా అయిపోవస్తే నీళ్ళు కలుపుతుంది. రాత్రంతా స్టేషన్‌లో కూర్చుని ఒక్కొక్క కాగితం రాస్తుంది. ఒకతను చదివి, అమ్మాయ్, ఇందులో నీ అడ్రసు లేదు, ఫోన్ నంబర్ లేదు, దొరికితే ఎవరికి చెప్పాలి అంటాడు. అలసిపోయి నిద్రపోతుంది. తెల్లవారేసరికి ఊడ్చేవాళ్ళు వచ్చి ఆ కాగితాలన్నీ చెత్తతో పాటు ఊడ్చేస్తారు. చైనీస్‌లో ఒక్క పేజీ రాయడానికి ఎంతసేపు పడుతుందో, చెయ్యి ఎలా లాగుతుందో అప్పుడప్పుడే నాకు తెలిసొస్తోంది. అందుకేనేమో, ఆ చీపురు నా మీద నుంచి పోయినట్టు అనిపించింది.

తర్వాత టీవీ స్టేషన్ గేటు. మేనేజర్ కళ్ళజోడు పెట్టుకుంటాడు అన్న ఒక్క ఆనవాలు పట్టుకుని, కళ్ళజోడున్న ప్రతి మగాణ్ణీ ఆపి ‘మీరేనా మేనేజర్?’ అని అడుగుతుంది. ఒక పూట కాదు, ఎన్నో గంటలు. చివరికి టీవీలో కూర్చోబెడితే నోట మాట రాదు. తర్వాత ఒక్కసారిగా వస్తుంది, ఏడుపుతో కలిసి.

ఎండాకాలం సెలవులకు ఆ డీవీడీ కాపీ చేసుకుని ఊరికి తీసుకెళ్ళాను. పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లో చూశాం. అక్కకు చైనీస్ ఎలాగూ రాదు, కింద పడే ఇంగ్లీషు అంత వేగంగా చదవలేదు. నేనే పక్కన కూర్చుని తెలుగులో చెప్పుకుంటూ పోయాను. అక్క కాళ్ళు ముడుచుకుని స్టూలు మీద కూర్చుంది.

సినిమా మొదట్లోనే ఒక దృశ్యం ఉంది. మాస్టారు, ఊరి పెద్ద బండిలో వెళ్ళిపోతుంటే వెయ్ మిన్‌జీ దుమ్ములో ఆ బండి వెంట పరిగెడుతుంది. నా యాభై యువాన్లు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని. ల్యాబ్‌లో చూసినప్పుడు మా క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు.

“మంచి పిల్ల. ముందే అడుగుతుంది,” అంది.

అక్కకు గౌరవ వేతనం నెలనెలా వచ్చేది కాదు. ఒక్కోసారి నాలుగు నెలలకు, ఆరు నెలలకు కలిపి వచ్చేది. అడగడానికి ఆఫీసుకు వెళ్తే, ఇంకా బడ్జెట్ రాలేదమ్మా, వచ్చినప్పుడు చెప్తాం అనేవాళ్ళు. రెండోసారి అడగడానికి అక్కకు మొహమాటం. పిల్లలకు చదువు చెప్పేదాన్ని, డబ్బుల కోసం వచ్చిందనుకుంటారేమో అని. సినిమాలో గావ్ మాస్టారి పరిస్థితీ అదే. ఆయన జీతం నెలల తరబడి అందలేదు.

“వాళ్ళకు సర్కారు ఇయ్యదారా?” అని అడిగింది.

మేడం చెప్పింది నాకు గుర్తుంది కాబట్టి చెప్పాను. చైనాలో తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్య చట్టం 1986లోనే వచ్చింది. కానీ పల్లెల్లో బడి ఖర్చు ఎక్కువగా ఆ కిందిస్థాయి పాలన మీదే పడేది. ఊరికి రాబడి ఉంటే బడికి డబ్బు, లేకపోతే లేదు. ట్యూషన్ ఫీజు లేదంటూనే ఇతర ఖర్చులని వసూలు చేసేవాళ్ళు. అది కట్టలేక పిల్లలు మానేసేవాళ్ళు. 1989లో ‘ప్రాజెక్ట్ హోప్’ పేరుతో విరాళాలు పోగుచేసి పల్లె బడులకు ఇవ్వడం మొదలుపెట్టారు. అన్హుయ్ రాష్ట్రంలో 1991లో షియె హైలాంగ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఒక ఫొటో దానికి ముఖచిత్రంలా అయిపోయింది. పెన్సిల్ పట్టుకుని పైకి చూస్తున్న పెద్ద కళ్ళ పాప. ఊరి బళ్ళల్లో ఆ వసూళ్ళన్నీ పూర్తిగా ఎత్తేసింది 2006, 2007లలోనే. అంటే నేను అక్కకు ఈ ముక్క చెబుతున్న రోజుల్లోనే.

“అయితే ఆ పిల్లల ఊళ్ళె ఇప్పుడు ఫీజు లేదన్నట్టు,” అంది. అదేదో పక్క మండలం సంగతైనట్టు ఊపిరి పీల్చుకుంది.

చివరికి టీవీ పుణ్యమా అని జాంగ్ హుయ్‌కె దొరుకుతాడు. ఇద్దరినీ లారీ నిండా సామానుతో ఊరికి తెస్తారు. నోట్‌బుక్కులు, విరాళాలు, పెట్టెల కొద్దీ రంగు సుద్దలు. ఆ ముగింపు మీద విమర్శలొచ్చాయి. ఇది ప్రభుత్వానికి ప్రచారంలా ఉందన్నారు. ఆ ఏడాదే కాన్ చిత్రోత్సవం నుంచి జాంగ్ యీమౌ తన సినిమాల్ని వెనక్కి తీసుకున్నాడు. మా సినిమాల్ని రాజకీయంగా తప్ప ఇంకోలా చూడరా అని ఆయన బాధ. తర్వాత వెనిస్ చిత్రోత్సవంలో ఇదే సినిమాకు అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది. విమర్శలో కొంత నిజం లేకపోలేదు. లారీ రాకపోతే ఆ బడి గతేమిటన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. కానీ ఊరికి చేరేముందు ఆ పిల్లాణ్ణి టీవీ ఆవిడ అడుగుతుంది, పట్నంలో నీకేం గుర్తుండిపోయింది అని. వాడు పట్నం చాలా బాగుందంటాడు. ఆ తర్వాత, అడుక్కుతిన్నది ఎప్పటికీ మర్చిపోలేనంటాడు. ప్రచారం కోసమే తీసేవాడైతే ఆ మాట ఉంచేవాడు కాదని నా నమ్మకం.

అదే ఏడాది ఆయన తీసిన ‘ద రోడ్ హోమ్’ కూడా ఊరి మాస్టారి కథే. అంతకు చాలా ముందు, 1987లో చెన్ కైగె తీసిన ‘కింగ్ ఆఫ్ ద చిల్డ్రన్’లో యున్నాన్ అడవుల మధ్య పిల్లలకు పాఠ్యపుస్తకాలే ఉండవు, బోర్డు మీద రాసింది ఎత్తి రాసుకోవడమే చదువు. తర్వాత అవన్నీ వెతికి చూశాను. మంచి సినిమాలు. కానీ మా ఇంటికి వచ్చింది మాత్రం ఇదొక్కటే.

అక్క పట్నం దృశ్యాలు మొత్తం మాట్లాడకుండా చూసింది. టీవీలో ఆ పిల్ల ఏడుస్తుంటే నేను చెప్పడం ఆపేశాను. చెప్పక్కర్లేదని చెయ్యి ఊపింది.

అక్క బళ్ళో ఒక పిల్లాడుండేవాడు. పేరు ఇక్కడ రాయను. తండాలో చాలామందిలాగే వాళ్ళ అమ్మానాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని, పుణె వైపు కట్టడాల పనికి వలసపోయారు. చిన్న చెల్లెల్ని ఆడించడానికి వీణ్ణీ వెంట తీసుకెళ్ళారు. పలక మీద తన పేరు తప్పుల్లేకుండా రాయడం వచ్చిన వారానికే పోయాడు. అక్క హాజరుపట్టీలోంచి వాడి పేరు కొట్టెయ్యలేదు. రోజూ పిలిచేది. రోజూ పిల్లలు “పుణె పోయిండు టీచర్” అనేవాళ్ళు. సంక్రాంతి తర్వాత కూడా పిలిచేది, పరీక్షల ముందు కూడా పిలిచేది. ఇంట్లో మేం ఈ సంగతి చెప్పుకుని ఒకటి రెండుసార్లు నవ్వుకున్నాం కూడా. ఆ ఏడు వాడు రాలేదు. మరుసటేడు వాళ్ళ నాయనమ్మను అడిగితే, అక్కడనే పనిల పెట్టిన్రు బిడ్డా అందట.

సినిమా అయిపోవస్తోంది. క్లాసులో రంగు సుద్దలు. సుద్ద దండగ చెయ్యడం ఇష్టంలేని పిల్లలు, ఒక్కొక్కరు ఒక్కొక్క అక్షరం రాయడానికి బోర్డు దగ్గరికి వస్తారు. చివర్లో జాంగ్ హుయ్‌కె వస్తాడు. నాకు ఒక్కటి కాదు, మూడు రాయాలనుంది అంటాడు. రాస్తాడు. వెయ్ లావ్ షి. వెయ్ టీచర్. ఆ తర్వాత తెర మీద రెండు వాక్యాలు వస్తాయి. పేదరికం వల్ల ఏటా పది లక్షల మంది పిల్లలు బడి మానేస్తున్నారని, విరాళాల సాయంతో వాళ్ళలో 15 శాతం మంది తిరిగి వస్తున్నారని. ఆ 15 చదివాక నాకు మిగతా 85 గురించే ఆలోచన. చదివి అక్కకు చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నేను పోలేదురా,” అంది.

“ఎక్కడికి?”

“పుణెకు.”

ఎలా వెళ్తావక్కా, ఎక్కడని వెతుకుతావు, అంత పెద్ద ఊరు అని ఏదో అన్నాను. అక్క వినలేదు. “ఆ పిల్లకు మాత్రం తెలుసా ఏంది?” అంది. నాకు జవాబు లేదు.

ఇంటికొచ్చాక, వాడు రాసిన ఆ మూడు అక్షరాలు ఎట్లా రాస్తారో చూపించమని అడిగింది. నా గళ్ళ నోట్‌బుక్ తీశాను. ‘వెయ్’ అన్నది కష్టమైన అక్షరం. పదిహేడు గీతలు. ‘లావ్’కు ఆరు, ‘షి’కి ఆరు. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత, ఎటు నుంచి ఎటు అని వేలు పెట్టి చూపించాను. అక్క నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాసింది. మొదటిసారి గడి దాటి పోయింది. రెండోసారి కుడివైపు భాగం ఎడమదాని మీదికి ఎక్కింది. నాలుగోసారికి కుదిరింది. ఎవరు చూసినా వెయ్ లావ్ షి అని చదవగలిగేలా.

వెయ్ మిన్‌జీ తర్వాత పెద్ద చదువులు చదివి, హవాయి దాకా వెళ్ళిందని కొన్నేళ్ళకు ఎక్కడో చదివాను. ఆ రోజే ఫోన్ చేసి అక్కకు చెప్పాను. అప్పటికి అక్కకు పెళ్ళై, తండా బడి వదిలేసి చాలా కాలమైంది. మన ఊరి పిల్ల సంగతి విన్నట్టు సంతోషపడింది.

ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పేజీలో పైన నా చేతిరాత, కింద అక్క రాసిన నాలుగు వరుసలు. ఐదో వరుసలో చైనీస్ కాదు. గళ్ళలో ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఒత్తులతో సహా ఎక్కడా తప్పు లేకుండా, ఆ పిల్లాడి పేరు రాసి ఉంది.